రాని మేస్త్రీకి ఒక అభినందన పత్రం

వస్తానని చెప్పి రాని మేస్త్రీ మానవజాతికి మహోపకారి!

ఈ వాక్యం చదివి మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. భూమి తిరుగుతోందన్న వాణ్ణి చూసి కూడా జనం నవ్వారు. నేను ముప్ఫై నాలుగేళ్లు మా ఊరి హైస్కూల్లో రసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆధారం చూపనిదే ఉప్పు ఉప్పగా ఉంటుందని కూడా ఒప్పుకోను. మా సరస్సు ఒడ్డున లైట్‌హౌస్‌లో దెయ్యముందని ఊరంతా చెప్పుకుంటుంటే, థర్మామీటరు పట్టుకుని వెళ్లి మూడు రోజులు కూర్చున్నాను. జలుబు తప్ప మరేదీ పట్టుబడలేదని పత్రికకు లిఖితపూర్వకంగా తెలియజేశాను. అలాంటి మనిషి చెబుతున్న మాట ఇది. కొంచెం ఓపిక పట్టండి.

ముందు ఆధారాలు. ఈ ఏడాది ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా మా ఇంటికి వస్తానని మాటిచ్చి రాని మేస్త్రీలు పదిమంది. ఆ పదిమంది వల్ల మా ఇంటికి జరిగిన నష్టమెంత? సున్నా! ఒక్క కిటికీ అద్దం పగల్లేదు. ఒక్క పూలమొక్క నలగలేదు. నిచ్చెన జారి ఎవరి నడుమూ విరగలేదు. వచ్చిన మేస్త్రీల గురించి ఇంత మంచిమాట చెప్పగల ఇంటి యజమాని ఈ రాష్ట్రంలో ఒక్కడైనా ఉన్నాడా?

ఇక విషయానికి వస్తాను. మేస్త్రీలు రాకపోయినా నేనైనా రావాలి కదా!

మాది తొంభై ఏళ్లనాటి చెక్క ఇల్లు. విస్కాన్సిన్‌లో, మిషిగన్ సరస్సుకు నాలుగు వీధుల దూరంలో ఉంటాం. ఉత్తరపు గోడ మీద రంగు చేప పొలుసుల్లా లేచిపోయింది. చెక్కల మధ్య సందులు పడ్డాయి. ఆ గోడ వెనక గది నా భార్య మార్లిస్‌ది. మంచమంత చెక్క చట్రానికి గుడ్డ బిగించి, ముక్కలు అతికి, ఆమె అక్కడ బొంతలు కుడుతుంది. మా చర్చిలో పెళ్లయిన ప్రతి జంటా ఆ గదిలో పుట్టిన బొంత కిందే కాపురం మొదలుపెట్టింది.

కిందటి జనవరిలో ఒక పొద్దున ఆ చట్రం మీద సన్నటి మంచుపొడి కనిపించింది. గది లోపల! నేను వెంటనే భూతద్దం తెచ్చి స్ఫటికాలను పరిశీలించాను. ఆరు భుజాలూ అద్భుతంగా అమరాయి. ఆ ఆనందాన్ని మార్లిస్‌తో పంచుకోబోతే ఆమె తన వేళ్లు చూపించింది. కణుపుల దగ్గర వాచి ఎర్రబడ్డాయి. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య సూది నిలవడం లేదు.

"స్ఫటికాలు బాగున్నాయిలే ఓర్విన్. గోడకి తొడుగు వేయించు. వచ్చే చలికాలం మొదటి మంచు పడేలోగా వేయించావా, సరే. లేదంటే నా చట్రం నీ చదువుగదిలోకి వస్తుంది. నువ్వూ నీ పుస్తకాలూ నా గదిలోకి వెళ్తారు."

నా చదువుగది దక్షిణం వైపుంది. రోజంతా ఎండ పడుతుంది. ఇంతకాలం మీరు చదివిన నా వ్యాసాలన్నీ ఆ ఎండలో పుట్టినవే. కనుక దీన్ని ఒక ఇంటి గొడవగా తీసిపారేయకండి. ఇది విజ్ఞాన ప్రచారానికే ముప్పు!

తొడుగంటే మా వీధిలో సగం ఇళ్లకు ఉన్నదే. వినైల్ అనే ప్లాస్టిక్ పలకలను బయటి నుంచి ఒకదాని అంచు మీద ఒకటి పడేలా గోడంతా కప్పుతారు. గాలి రాదు, వాన దిగదు, మళ్లీ రంగు వేసే పని ఉండదు. ఎవరిచేత వేయించాలని అడిగితే ఊరంతా ఒకే సలహా ఇస్తుంది. ముగ్గురిని పిలిచి అంచనాలు రాయించుకుని, మధ్యవాణ్ణి పెట్టుకోమంటుంది.

ముగ్గురా! మూడు కొలతలతో సిద్ధాంతం చెప్పిన పదో తరగతి విద్యార్థిని నేను క్లాసు బయట నిలబెట్టాను. మూడు అంచనాలతో ఇల్లు అప్పగిస్తానా? మా జిల్లాలో తొడుగులు వేసే మేస్త్రీలు పదకొండుమంది ఉన్నారు. పదకొండుమందికీ కబురు పెట్టాను. చిన్న ఊరు కాబట్టి ఆ పదకొండుమందీ ఒకప్పుడు నా బల్లల ముందు కూర్చున్నవాళ్లే.

మొదట డ్వైట్ పెషెక్‌కు ఫోన్ చేశాను. నా చేతుల మీదుగా 'ఏ' గ్రేడు తీసుకున్న అతికొద్దిమందిలో ఒకడు.

"అయ్యో హైడల్ మాస్టారూ! మీరు అడగాలా? మీ ఇల్లు మా ఇల్లు కాదూ?"

"ముందు ఒక ప్రశ్న డ్వైట్. పన్నెండడుగుల వినైల్ పలక మన చలికాలానికీ ఎండాకాలానికీ మధ్య ఎంత సాగుతుంది?"

"అర అంగుళం దాకా మాస్టారూ!" అన్నాడు తడుముకోకుండా.

నా కళ్లు చెమర్చాయి. "ఎప్పుడొస్తావు బాబూ?"

"చూద్దాం మాస్టారూ. వచ్చే వారం అటువైపు పనుంది, వచ్చి ఓసారి చూసిపోతా."

ఇక్కడ మా ప్రాంతపు నాగరికత గురించి ఒక మాట చెప్పాలి. మేము ఎవరికీ కాదని చెప్పం. మా నోటికి ఆ అలవాటు లేదు. విందులో చివరి కేకు ముక్కను ముక్కాలు భాగం కోసి తింటాం గానీ పూర్తిగా తినం. పిలిచినవాడి మనసు నొప్పిస్తే సరస్సు పొంగి ఊరు మునుగుతుందని మా నమ్మకం. అందువల్ల మా మేస్త్రీలు చేయలేని పనిని కూడా చేయనని అనరు. "చూద్దాం" అంటారు. ఎంత సున్నితమైన హృదయాలు! వేరే ఊళ్లలో మేస్త్రీ కుదరదని మొహం మీద చెప్పేస్తాడట. ఆ మాట విన్న ఇంటివాడు ఎలా బతికి బట్టకడతాడో!

ఫోన్ పెట్టగానే మా ఇంట్లో పండగ మొదలైంది. మేస్త్రీ వస్తున్నాడంటే ఇల్లు చూసుకోవద్దూ? పదేళ్లుగా గ్యారేజీలో పేరుకున్న సామాను సర్దాను. గోడ పక్క పొదలు కత్తిరించాను. మార్లిస్ పుల్లటి రూబార్బ్ కాడలతో కేకు కాల్చింది. డ్వైట్ రాలేదు. కేకు మేమే తిన్నాం. మరుసటి వారం రెండో మేస్త్రీ ఎల్డన్ కోసం మళ్లీ కాల్చింది. అదీ మేమే తిన్నాం. జూలై వచ్చేసరికి నా బెల్టు కొసన రెండు కొత్త చిల్లులు పొడవాల్సి వచ్చింది. పెళ్లయిన కొత్తలో కూడా మేమిద్దరం కిటికీ దగ్గర పక్కపక్కన కూర్చుని వీధివైపు అంతసేపు చూడలేదు. దాంపత్యానికి ఇంత మేలు ఏ వైద్యుడు చేశాడు? ఏ పాస్టరు చేశాడు?

జ్ఞానానికి జరిగిన మేలు వేరే చెప్పాలి. వాళ్లు వెంటనే వచ్చి ఉంటే నేను రంగుల గురించి ఏం నేర్చుకునేవాణ్ణి? ఈ పలకల రంగులకు పేర్లు పెట్టినవాడు తిండిప్రియుడై ఉండాలి. పసుపు అంటే 'తాజా వెన్న', గోధుమ అంటే 'బాదం పొట్టు', తెలుపు అంటే 'మొదటి మీగడ'. మార్లిస్ ఒక్క చూపులో వెన్నరంగు చూపించి ఇదేనంది. ఒక్క చూపులో! నేను ఆమెను క్షమించి, ఇరవై నాలుగు నమూనా ముక్కలు తెప్పించి గ్యారేజీ కప్పు మీద మేకులతో కొట్టాను. ఏది ఎండకు ఎంత వెలుస్తుందో వారం వారం రాసుకున్నాను. ఎదురింటి గెర్డా వోయ్‌టా కిటికీ అద్దం నుంచి మా గోడ మీదికి పడే వెలుగును కూడా కొలిచాను. అద్దంలోంచి తిరిగొచ్చిన ఎండకు వినైల్ వంకరపోవడం శాస్త్రం గుర్తించిన ప్రమాదం.

"గెర్డా, మధ్యాహ్నం మూడున్నరకు నీ వంటింటి కిటికీ మా గోడను వేడెక్కిస్తోంది," అని హెచ్చరించాను.

"సంతోషించు. మీ ఇంట్లో గోడకి ఏదన్నా చేసింది అదొక్కటే!" అని ఆవిడ తలుపేసుకుంది. శాస్త్ర దృష్టి లేని ఇరుగుపొరుగు!

మేస్త్రీలు రాకపోవడానికి చూపిన కారణాలు మాత్రం నా హృదయాన్ని తాకాయి. ఒకడి ట్రక్కు ఆగింది. ఒకడి అత్తగారికి తుంటి మార్చారు. ఏప్రిల్లో నదికి చేపలు ఎదురెక్కాయి కాబట్టి ముగ్గురు గాలాలు పట్టుకుని వెళ్లి మళ్లీ కనిపించలేదు. సెప్టెంబరులో ఆదివారం ఫుట్‌బాల్‌లో మా జట్టు ఓడిపోయిందని ఒకడు సోమ మంగళవారాలు మంచం దిగలేదు. ఇవన్నీ నేను ముందే విన్న కారణాలు! ముప్ఫై నాలుగేళ్లు ప్రయోగాల నోటుపుస్తకం ఎందుకు తేలేదని అడిగినప్పుడల్లా ఇవే చెప్పారు. అప్పుడు ట్రక్కు నాన్నది, అత్తగారి బదులు అమ్మమ్మ. అంతే తేడా.

ఇలా మా జీవితం సుఖంగా సాగుతుండగా అక్టోబరు రెండో వారంలో ఘోరం జరిగింది.

పదకొండోవాడు వచ్చేశాడు!

పేరు రోలీ జాస్ట్రో. రసాయన శాస్త్రంలో నేను 'డి' ఇచ్చిన కుర్రాడు. ఇప్పుడు యాభై దగ్గర పడుతున్నాడు, జుట్టు నెరిసింది. గురువారం ఉదయం ఏడింటికి వస్తానన్నాడు. గురువారం ఉదయం ఏడింటికి తలుపు తట్టాడు. నేను ఇంకా పైజామాలోనే ఉన్నాను. కేకు కూడా లేదు!

"గుడ్ మార్నింగ్ మాస్టారూ. ఏడింటికన్నాను కదా."

"అన్నావు. కానీ వచ్చేశావేంటి?"

"రమ్మన్నారు కదా మాస్టారూ?" అన్నాడు పాపం, అయోమయంగా.

ఇల్లు చుట్టూ తిరిగాడు. ఉత్తరపు గోడను వేలి కణుపులతో కొట్టి విన్నాడు. స్క్రూడ్రైవర్ మొనతో అడుగు చెక్కలను పొడిచి చూశాడు.

"కింద రెండు చెక్కలు మెత్తబడ్డాయి మాస్టారూ. ముందు అవి తీసేయాలి. వాటి మీదే తొడుగేస్తే కుళ్లుని చక్కగా దాచిపెట్టినట్టవుతుంది, అంతే."

"అది సరే. పన్నెండడుగుల పలక ఎంత సాగుతుంది?"

రోలీ బుర్ర గోక్కున్నాడు. ఆ గోక్కోవడం నాకు బాగా గుర్తుంది. "అంకె నాకు తెలీదు మాస్టారూ. మేకు బిగించి కొట్టం. తలకీ పలకకీ మధ్య ఒక నాణెం దూరేంత సందు వదుల్తాం. పలక మేకుకి వేలాడాలి గానీ అతుక్కోకూడదు. దానికీ ఊపిరాడాలి కదా!"

ఊపిరి! ప్లాస్టిక్‌కు ఊపిరి! లైట్‌హౌస్ దెయ్యాన్ని వెళ్లగొట్టినవాడి గుమ్మంలో నిలబడి అంటున్నాడు! నేను నిగ్రహించుకున్నాను.

"ఎప్పుడు మొదలుపెట్టగలవు?"

"సోమవారం."

మీరే చెప్పండి. అక్టోబరు నెలలో, చలి తరుముకొస్తుండగా, పనితనమున్న మేస్త్రీ ఎవడైనా సోమవారానికి ఖాళీగా ఉంటాడా? మంచి మేస్త్రీకి తీరిక ఉండదు. ఇతనికి తీరిక ఉంది. కనుక ఇతను మంచి మేస్త్రీ కాడు. తర్కంలో ఎక్కడైనా సందుందా? మా గోడలో ఉన్నంత సందు కూడా లేదు!

"చూద్దాం రోలీ. నేనే ఫోన్ చేస్తాను," అన్నాను.

మార్లిస్ కిటికీలోంచి అంతా చూస్తూనే ఉంది. "ఏమన్నాడు?"

"ఊపిరన్నాడు."

"ఎవరికి?"

"ప్లాస్టిక్‌కి."

"అతను వచ్చాడుగా ఓర్విన్."

"అదే నా అనుమానం!"

ఆ సోమవారం రోలీ ట్రక్కు మా వీధిలోకే వచ్చింది. గెర్డా ఇంటి ముందు ఆగింది. కుళ్లిన చెక్కలు తీశాడు, కొత్తవి వేశాడు, నాలుగు రోజుల్లో ఆ ఇంటికి నాలుగు వైపులా తొడుగు వేసి, పచ్చిక మీద పడ్డ మేకులన్నీ అయస్కాంతంతో ఏరుకుని వెళ్లిపోయాడు. నేను నిష్పాక్షికంగా పరిశీలించాలనే సదుద్దేశంతో నిచ్చెన తీసుకెళ్లి, భూతద్దంతో ఆ గోడ ఎక్కాను. ప్రతి అంచూ కొలిచాను. ఎక్కడా తప్పు దొరక్కపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది.

"ఓర్విన్ హైడల్! దిగు కిందికి!" అని గెర్డా పోర్టికోలోంచి కేకేసింది. "అది నా గోడ. నీ దగ్గర చదువుకోలేదు!"

నవంబరులో జింకల వేట కాలం మొదలవడానికి రెండు రోజుల ముందు, గురువారం నాడు, మొదటి మంచు పడింది.

మార్లిస్ గెర్డాను పిలిచింది. ఇద్దరూ కలిసి బొంత చట్రాన్ని వసారాలోంచి అడ్డంగా తిప్పి నా చదువుగదిలోకి మోసుకెళ్లారు. నా బల్లా, నా పుస్తకాలూ, ఆవర్తన పట్టికా ఉత్తరపు గదికి చేరాయి. రెండు స్వెట్టర్లు, ఉన్ని టోపీ, వేళ్లు కత్తిరించిన చేతితొడుగులు వేసుకుని, ఈ వ్యాసంలో మొదటి వాక్యం రాశాను. వస్తానని చెప్పి రాని మేస్త్రీ మానవజాతికి... అక్కడిదాకా వచ్చేసరికి కాగితం మీద మంచుపొడి రాలింది. స్ఫటికాలను పరిశీలించలేదు. కలం పట్టిన వేళ్లు ముడుచుకుపోయాయి. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య కలం నిలవలేదు.

కప్పుకోవడానికి ఏదన్నా దొరుకుతుందేమోనని గోడ బీరువా తెరిచాను. తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. పెన్సిలుతో మార్లిస్ చేతిరాత. మేస్త్రీల జాబితా! ఎవరు ఏ తేదీన ఏమన్నారు, వచ్చారా లేదా, అన్నీ గళ్లు గీసి రాసింది. ముప్ఫై నాలుగేళ్లలో ఇంత చక్కటి పట్టికను నాకు ఏ విద్యార్థీ ఇవ్వలేదు.

కానీ లెక్క తప్పింది. రానివాళ్లు పది, వచ్చినవాడు ఒకడు. వెరసి పదకొండు వరుసలుండాలి. ఇక్కడ పన్నెండున్నాయి. పరిశోధకుడికి ఇంతకంటే మనశ్శాంతి పోగొట్టే సంగతి ఏముంటుంది?

కింది నుంచి చదువుతూ పోయాను. చివరి వరుస: 'రోలీ. ఏడింటికి వచ్చాడు. ఓర్విన్ ఫోన్ చేస్తానన్నాడు. చేయలేదు.' దాని పైన పదిమంది, నా లెక్క ప్రకారమే. అందరికీ పైన, పెన్సిలు చెరిగి, కాగితం పసుపుబారిన చోట, పద్నాలుగేళ్ల కిందటి జూన్ నెల తేదీ వేసి ఉంది.

'ఓర్విన్. ఈ వేసవి సెలవుల్లో నేనే వేసేస్తానన్నాడు. రాలేదు.'

ఖండించడానికి ఆధారాల కోసం వెతికాను. గది నాలుగు గోడలూ చూశాను. మూడు గోడలు ఏమీ చెప్పలేదు. నాలుగోది గాలికి ఈల వేసింది.

రోలీకి ఫోన్ చేశాను.

"మాస్టారూ! ఎల్లుండి నుంచి జింకల వేట. తొమ్మిది రోజులు నన్ను దేవుడు పిలిచినా అడవిలో, నారింజరంగు వేట కోటులోనే ఉంటా."

"తెలుసు. ఆ తర్వాత..."

"తర్వాత వస్తాగానీ, నాదొక ప్రశ్న ఉంది మాస్టారూ. సరిగ్గా చెప్తేనే వస్తా."

"అడుగు."

"ఆ గోడకి మీరెప్పుడన్నా ఒక్క మేకు కొట్టారా?"

అబద్ధం చెప్పవచ్చు. కానీ శాస్త్రానికి కట్టుబడ్డవాణ్ణి. "లేదు రోలీ," అన్నాను.

"నిజం చెప్పారు కాబట్టి 'డి' ఇస్తున్నా మాస్టారూ. 'డి' అంటే పాసే కదా, మీరే అనేవారు! వేట అయ్యాక సోమవారం, ఏడింటికి."

సోమవారం ఏడింటికి వచ్చాడు. ఈసారి కేకుంది. రెండు చెక్కలు మార్చి, వెన్నరంగు పలకలు కింది నుంచి పైకి ఎక్కించుకుంటూ వెళ్లాడు. చలికి పలకలు పెళుసుగా ఉన్నాయని కత్తెర నెమ్మదిగా నడిపాడు. మధ్యాహ్నం ఒక పలక అంచు నన్ను పట్టుకోమని, సుత్తి నా చేతిలో పెట్టాడు.

"బిగించకండి మాస్టారూ. నాణెమంత వదలండి. ఆ... చాలు, చాలు! గోడేమీ పారిపోదు!"

కొట్టాను. ఒకటే మేకు. పలకను పక్కకు కదిపి చూశాను. సాఫీగా జరిగింది, ఊపిరి తీసుకున్నట్టే. దయచేసి ఈ వాక్యం నా పాత విద్యార్థులెవరికీ చూపించకండి.

సాయంత్రానికి ఈల ఆగింది. మార్లిస్ వచ్చి ఉత్తరపు గదిలో గోడకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత బీరువా తెరిచి, చెవి వెనక నుంచి పెన్సిలు తీసి, మొదటి వరుసలో 'రాలేదు' అన్నది కొట్టేసి పక్కన రాసింది: 'వచ్చాడు. పద్నాలుగేళ్లు ఆలస్యం. ఒక మేకు.'

కనుక పాఠక మహాశయులారా, నా సిద్ధాంతాన్ని నేనేమీ ఉపసంహరించుకోవడం లేదు. రాని మేస్త్రీ మహోపకారే. అతను లేకపోతే నా పేరు ఆ పట్టికలో ఒంటరిగా ఉండేది! చిన్న సవరణ మాత్రం చేస్తున్నాను. అతని ఉపకారం పొందేటప్పుడు గోడకు ఏ వైపు కూర్చున్నామన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు ఉత్తరపు గది వెచ్చగా ఉంది. గోడ మూశాం కాబట్టి, ఒప్పందం ప్రకారం నా ఎండ గది నాకు తిరిగి రావాలి. పది రోజులు చూసి, నిన్న మర్యాదగా అడిగాను.

మార్లిస్ చట్రం మీద నుంచి తలెత్తలేదు. దక్షిణపు ఎండ ఆమె వేళ్ల మీద పడుతోంది. సూది చకచకా నడుస్తోంది.

"చూద్దాం ఓర్విన్. వచ్చే వారం అటువైపు పనుంది, వచ్చి ఓసారి చూసిపోతా."